మందు కలిసిన నీటికి కాంతితో శుద్ధి: తడ విద్యార్థులకు అందుబాటులో ఉన్న రంగం

2007లో ప్రచురితమైన స్వీడన్ పరిశోధకుల అధ్యయనం, హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో దాదాపు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు వెల్లడించింది. సూక్ష్మజీవుల సాయంతో మలినాలను తొలగించే సాధారణ పద్ధతి, ఆ సూక్ష్మజీవులనే చంపే మందు ముందు తడబడుతుంది; అలా మిగిలిన మందు నీటిలో, మట్టిలో మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి తోడ్పడుతుంది.

ఇక్కడే కాంతి ఉత్ప్రేరకాల అవసరం ఏర్పడుతుంది. టైటానియం డయాక్సైడ్ వంటి అర్ధవాహకంపై తగినంత శక్తిగల కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్ పై శక్తిస్థాయికి చేరి, దాని స్థానంలో ధనావేశపు ఖాళీ మిగులుతుంది. ఈ రెండూ నీటితోనూ ఆక్సిజన్‌తోనూ చర్య జరపగా పుట్టే హైడ్రాక్సిల్ ర్యాడికల్స్ మందు అణువులను ముక్కలు చేస్తాయి. అయితే టైటానియం డయాక్సైడ్‌కు కావలసిన అతినీలలోహిత కాంతి సూర్యరశ్మిలో సుమారు 5 శాతమే కనుక, కంటికి కనిపించే కాంతితోనూ పనిచేసే బిస్మత్ వనడేట్, గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్‌లపై పరిశోధనలు విస్తరించాయి.

ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు శ్రీసిటీ పరిశ్రమలు ఉన్న తడ విద్యార్థికి ఈ చదువు దూరమైనది కాదు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ తరువాత పీజీసెట్ రాసి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గానీ, జామ్ రాసి ఐఐటీ తిరుపతిలో గానీ ఎం.ఎస్సీ. చేయవచ్చు; కెమికల్, సివిల్ ఇంజినీరింగ్ చదివినవారికి గేట్ ద్వారా ఎం.టెక్. మార్గం ఉంది. పరిశోధన వైపు వెళ్లదలచినవారు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌కు సిద్ధపడాలి. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం కాంతి ఉత్ప్రేరణలో పనిచేసిన సంస్థలు.

కాంతి ఉత్ప్రేరణ పద్ధతి చాలావరకు ప్రయోగశాల దశలోనే ఉంది కాబట్టి, దాని పేరుతోనే ఉద్యోగ ప్రకటనలు వెలువడతాయని ఆశించడం సరికాదు. పరిశ్రమల వ్యర్థజల శుద్ధి కేంద్రాలు, నీటి పరీక్షా ప్రయోగశాలలు, కాలుష్య నియంత్రణ మండలి, ఔషధ సంస్థల పర్యావరణ విభాగాలే అసలైన ఉపాధి స్థానాలు. యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో మార్గదర్శకాలు విడుదల చేసిన తరువాత, నీటిలో మందు ఎంత మిగిలిందో కొలవగలవారి నైపుణ్యానికి ప్రాధాన్యం మరింత పెరిగింది.

కాబట్టి కొత్త ఉత్ప్రేరకం తయారుచేయడం కంటే ముందు, నీటిలో మందు పరిమాణాన్ని కొలిచే హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ నేర్చుకోవడం మేలు. మందు అణువు మాయమైనంత మాత్రాన నీరు శుభ్రమైనట్టు కాదు. విరిగిన ముక్కలకూ విషస్వభావం ఉండవచ్చు. పైగా శుద్ధజలంలో చక్కగా పనిచేసిన ఉత్ప్రేరకం, లవణాలు, సేంద్రియ పదార్థాలు నిండిన నిజమైన వ్యర్థజలంలో మందగిస్తుంది. ఎం.ఎస్సీ. ప్రాజెక్టులోనే అసలు వ్యర్థజలంతో ప్రయోగం చేసి, వడగట్టి తీసిన ఉత్ప్రేరకం ఎన్నిసార్లు తిరిగి పనికివచ్చిందో నమోదు చేసిన విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పుకోదగిన పని చేతిలో ఉంటుంది.