పోటీ పరీక్షల ప్రత్యేకం: ఠాణే సబర్బన్ రైల్వే స్టేషన్

నగర కేంద్రానికీ శివార్లకూ మధ్య ప్రయాణికులను రోజూ చేరవేసే వ్యవస్థను సబర్బన్ రైల్వే అంటారు. ముంబయి సబర్బన్ వ్యవస్థలో, మధ్య రైల్వే ప్రధాన మార్గంపై ఉన్న ఠాణే స్టేషన్ చరిత్రరీత్యా ముఖ్యమైనది. దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీ బందర్ నుంచి బయలుదేరి 34 కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికే చేరింది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే నడిపిన ఈ 14 పెట్టెల రైలును సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఆవిరి ఇంజన్లు లాగాయి. ఈ పేర్లను జతపరచమని అడిగే అవకాశం ఉంది.

అభ్యర్థులు తరచూ తడబడేది గమ్యస్థానాల విషయంలోనే: తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న, 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో, బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా వరకు నడిచింది తప్ప ఠాణేకు కాదు.

ఒక మార్గం నుంచి మరో మార్గానికి, రైలు నుంచి బస్సుకు మారే వీలున్న స్టేషన్‌ను రవాణా కూడలి అంటారు. ప్రధాన మార్గంతో, నవీ ముంబయిలోని వాషి, పన్వేల్‌లకు వెళ్లే ట్రాన్స్ హార్బర్ మార్గం కలవడం వల్ల ఠాణేకు ఆ హోదా దక్కింది.

రైల్వేలపై పరీక్షల కోసం గుర్తుంచుకోవాల్సిన మరో రెండు విషయాలు: రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రైల్వేలు కేంద్ర జాబితాలోని 22వ అంశం. హైదరాబాద్ సబర్బన్ సర్వీసు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న ప్రారంభమైంది.