న్యాయ సలహా: కొడుకు దొంగ బండి తెస్తే తల్లిదండ్రులకు జైలా?

ప్రశ్న: మాది మైలవరం. మావారు మామిడి తోటల్లో మేస్త్రీ. అబ్బాయికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. సెలవుల్లో నంబరు ప్లేటు లేని బైకొకటి ఇంటికి తెచ్చి, ‘ఫ్రెండుది, రెండ్రోజులు ఉంచుకోమన్నాడు’ అన్నాడు. గట్టిగా అడిగితే విసుక్కున్నాడు. మేమూ ఊరుకున్నాం. తీరా చూస్తే అది నందిగామలో పోయిన బండట. మెకానిక్ షెడ్డులో పనిచేసే పంతొమ్మిదేళ్ల కుర్రాడు వీడి చేత తీయించాడని పోలీసులు అంటున్నారు. అబ్బాయిని తీసుకుని స్టేషన్‌కు రమ్మన్నారు. మమ్మల్ని కూడా జైల్లో పెడతారా? వాడి చదువేమైపోతుంది?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, కొడుకు చేసిన దొంగతనానికి కన్నవాళ్లను శిక్షించే సెక్షన్ ఏదీ లేదు. ఎవరి నేరం వాళ్లదే. కాకపోతే మీరు రాసినదాంట్లో చిక్కు తెచ్చే మాట ఒకటుంది: ‘మేమూ ఊరుకున్నాం’ అన్నారు. దొంగ సొత్తని తెలిసో, అలా అనుమానించడానికి తగిన కారణం ఉండో, దురుద్దేశంతో దాన్ని దగ్గర పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. నంబరు ప్లేటు లేదు, సి-బుక్కు లేదు, ఆ ఫ్రెండెవరో చెప్పడు. ఇన్ని తెలిసీ బండిని పెరట్లో పట్టా కప్పి దాచినవాళ్లకు ఈ సెక్షన్ చుట్టుకుంటుంది. మీరు దాచలేదు, అడిగారు కూడా. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పండి. అబ్బాయిని తప్పించాలని తేదీలు మార్చి చెబితే ఇరుక్కునేది మీరే.

ఇక అబ్బాయి సంగతి. పద్దెనిమిది నిండనివాళ్ల విషయంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. వాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. అదుపులోకి తీసుకుంటే బాలల సంక్షేమ పోలీసు అధికారికి అప్పగించాలి, ఆ సంగతి మీకు తెలియజేయాలి, 24 గంటల్లోపు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వాళ్లలో ఒకరైనా మహిళ అయి ఉండాలి.

వయసుకు రుజువుగా ఆధార్ కార్డు పట్టుకెళ్తే సరిపోదు. స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్టు గానీ పదో తరగతి సర్టిఫికెట్టు గానీ ముందు చూస్తారు. అవి లేకపోతే పంచాయతీ, మునిసిపాలిటీ ఇచ్చే జనన ధ్రువీకరణ పత్రం. స్టేషన్‌కు వెళ్లేటప్పుడే వాటి జిరాక్సులు దగ్గర ఉంచుకోండి.

మామూలు దొంగతనానికి న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు. సరుకునో ప్రయాణికులనో చేరవేసే వాహనం చోరీకి 305 పెడితే ఏడేళ్ల వరకు. ఏది పెట్టినా ఇది పెద్దవాళ్లతో సమానంగా విచారించేంత ఘోర నేరం కాదు. మీవాడు ఒక్కడే అయితే, 2016 నాటి నమూనా నియమాల ప్రకారం ఎఫ్‌ఐఆర్ కూడా కట్టరు. స్టేషన్ జనరల్ డైరీలో రాసి, వాడి ఇంటి పరిస్థితుల నివేదికతో బోర్డుకు పంపాలి. ఇక్కడ మేజర్ కూడా ఉన్నాడు కాబట్టి ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. అయినా ఇద్దరినీ ఒకే కేసులో కలిపి విచారించడానికి వీల్లేదు.

ఆ పంతొమ్మిదేళ్ల కుర్రాడి పరిస్థితి వేరు. పిల్లలను పెట్టి నేరం చేయించినవాళ్లకు న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా పదేళ్ల జైలు. దొంగతనం తానే చేసినట్టుగా దాని శిక్ష కూడా పడుతుంది. కనుక మీవాడి ఫోన్లో ఉన్న మెసేజీలు, కాల్ రికార్డింగులు, ఫోన్‌పే లావాదేవీలు భయపడి చెరిపేయకండి. వీణ్ణి ఎవరు పంపారో, ఎంతిస్తానని ఆశపెట్టారో చెప్పే సాక్ష్యం అదే.

బెయిలు విషయంలో బెంగ వద్దు. పిల్లలకు బెయిలివ్వడమే నియమం. బయటికెళ్తే నేరస్థుల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో బోర్డు భావిస్తేనే నిరాకరిస్తుంది. ప్రొబేషన్ అధికారి మీ ఇంటి పరిస్థితులు విచారించి నివేదిక ఇస్తారు. కాలేజీకి వెళ్తున్నాడా, ఎవరితో తిరుగుతున్నాడు, ఇంట్లో అడిగేవాళ్లున్నారా అన్నది అందులో వస్తుంది. తప్పు రుజువైతే మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజసేవ మొదలుకొని స్పెషల్ హోమ్‌లో మూడేళ్ల వరకు ఉంచడం దాకా బోర్డుకు దారులున్నాయి. జరిమానా వేస్తే తల్లిదండ్రులను కట్టమనొచ్చు. వాడి నడతకు మీరు పూచీ ఉంటామంటూ మూడేళ్లకు మించని బాండు కూడా రాయించుకోవచ్చు. మీ బాధ్యత నిజంగా మొదలయ్యేది ఆ సంతకంతోనే.

చదువుకు, ఉద్యోగానికి ఇది అడ్డు కాకూడదని బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. గడువు తీరాక రికార్డులు ధ్వంసం చేయాలి. వాడి పేరు, ఫొటో, కాలేజీ బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పెడితే స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: జగ్గయ్యపేట దగ్గర రైతును. నేను నిద్రపోతుంటే మా పదిహేడేళ్లవాడు నా బండి తాళాలు తీసుకుని చిల్లకల్లు వైపు హైవే ఎక్కి ఒకాయన్ని గుద్దాడు. ఆయన కాలు విరిగింది. కేసు నా మీద కూడా పెట్టారు. బండి పోయిందని ఫిర్యాదిస్తే బయటపడొచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇన్సూరెన్సు ఉంది.

జవాబు: ఆ సలహా ఇచ్చినవాళ్లను దూరం పెట్టండి. పోలీసులకు తెలిసి తెలిసి అబద్ధపు సమాచారం ఇవ్వడం న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఇంకో నేరం.

దొంగతనం కేసులో ఎవరి నేరం వాళ్లదేనని పైన చెప్పాను. బండి నడిపిన కేసులో మాత్రం లెక్క తిరగబడుతుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం 199-ఎ సెక్షన్ ప్రకారం, మైనరు నేరం చేస్తే సంరక్షకుడు గానీ యజమాని గానీ దోషి. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మీ అనుమతితోనే తీశాడని కోర్టు ముందుగా భావిస్తుంది. నాకు తెలియదని గానీ, తగిన జాగ్రత్త తీసుకున్నానని గానీ రుజువు చేసుకోవాల్సింది మీరు. తాళాలు గుమ్మం పక్క మేకుకు వేలాడుతుంటే, వాడు రోజూ ఊళ్లో బండి నడపడం పదిమంది చూసి ఉంటే ఆ రుజువు కష్టం.

ఇన్సూరెన్సు కంపెనీ గాయపడినాయనకు పరిహారం ఇచ్చినా, లైసెన్సు లేని మైనరు నడిపాడు కాబట్టి ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. బంధువుల పిల్లవాడు చెప్పకుండా తాళాలు తీసుకెళ్లాడన్న యజమాని వాదనను సుప్రీంకోర్టు 2011లోనే ఒప్పుకోలేదు. బండి మైనరు చేతిలో పడకుండా చూసుకోవాల్సింది యజమానేనంది. 199-ఎ రాకముందే, 2018లో హైదరాబాద్‌లో పిల్లలకు బండ్లిచ్చిన తండ్రులను కోర్టులు జైలుకు పంపాయి. 2024 మే నెలలో పుణేలో పదిహేడేళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయినప్పుడు, అతని తండ్రిని పోలీసులు అరెస్టు చేశారు.

పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారు కదా అని కొందరు వాదిస్తారు. ఆ మినహాయింపు 50 సీసీ లోపు బండ్లకే. షోరూములో దొరికే పెట్రోలు స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీకి పైమాటే.

ఇద్దరికీ ఒక మాట: రాజీ చేయిస్తామంటూ స్టేషన్ దగ్గర తిరిగే మధ్యవర్తులకు రూపాయి ఇవ్వకండి. న్యాయసేవాధికార చట్టం కింద పిల్లలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవాధికార కమిటీలో తెల్లకాగితం మీద దరఖాస్తు రాసివ్వండి. ఆ లాయరుతో మాట్లాడాకే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టండి.