దాగిన గడ్డను చూపే రంగు మందు



దాచేపల్లి చుట్టుపక్కల మిరప చేలలో తుంగ పీకినవారికి ఈ సంగతి తెలుసు. పైన గడ్డి వస్తుంది, మట్టిలో తుంగగడ్డ ఉండిపోతుంది. నాలుగు తడులు పెట్టేసరికి మళ్లీ లేస్తుంది. క్యాన్సర్ ఆపరేషన్ చేసే డాక్టర్ల భయమూ ఇదే. అండాశయ క్యాన్సర్ అయితే కడుపులోని పొరల మీద ఆవగింజంత చుక్కలుగా చల్లుకుపోతుంది. కంటికి ఆనదు, వేలికి తగలదు.

అటువంటి చుక్కలను చూపే ఒక మందుకు అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2021 నవంబరులో అనుమతి ఇచ్చింది. పేరు పాఫోలాసయనిన్. 2022 డిసెంబరులో ఊపిరితిత్తుల ఆపరేషన్లకూ అనుమతించింది.

పేరు కొత్తదే గాని, అందులో ఒక భాగం మనకు పరిచయమే. గర్భిణీలకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది కదా, దాన్ని పోలినదే. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. అండాశయ క్యాన్సర్ కణాల్లో చాలావాటికి ఫోలిక్ యాసిడ్ అంటే ఆకలి ఎక్కువ. అందుకని దానికి రంగును జతచేసి, ఆపరేషన్‌కు 1 నుండి 9 గంటల ముందు నరం ద్వారా ఎక్కిస్తారు. కణాలు దాన్ని పట్టుకుంటాయి. ఆ వెలుగు మామూలు కంటికి కనిపించదు; ప్రత్యేక కెమెరా తెర మీద చూపుతుంది.

134 మంది స్త్రీలలో పరీక్షించగా, నూటికి సుమారు 27 మందిలో చూపుకూ చేతికీ దొరకని క్యాన్సర్ ఒక్కటైనా బయటపడింది. అయితే సుమారు ఐదుగురిలో ఒకరికి క్యాన్సర్ కానిది కూడా వెలిగింది. కాబట్టి వెలిగినదల్లా క్యాన్సర్ అనుకోకూడదు. ముక్క పరీక్షే తేల్చాలి. వికారం, వాంతులు, కడుపునొప్పి కొందరికి రావచ్చు.

ఈ మందు, ఆ కెమెరా ప్రతి ఊళ్లో దొరికేవి కావు. అవి ఉన్నచోట కూడా ముందు జబ్బును గుర్తించి రావలసింది మనమే. పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం రెండు మూడు వారాలు దాటి ఉంటే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకండి, స్కానింగ్ గురించి అడగండి.

ఈ రంగు ఎక్కించే ముందు 48 గంటలు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపమంటారు. లేకపోతే కణాలు వాటితోనే నిండిపోయి రంగును పట్టవు. డాక్టర్ చెప్పకుండా, ముఖ్యంగా గర్భిణీలు, వాటిని మానకూడదు. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి.