నీటి అడుగున ఫోటో తీయాలంటే...

బకెట్టు అడుగున రూపాయి నాణెం వేసి, 24 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీళ్ళు పోయండి. సరిగ్గా పైనుంచి చూడండి. నాణెం 18 సెంటీమీటర్ల లోతులోనే ఉన్నట్లు కనిపిస్తుంది. నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి కిరణాలు వంగుతాయి. దీనినే వక్రీభవనం అంటారని మీరు చదువుకున్నారు. నీటిలోకి దించిన కెమేరా కూడా మన కంటిలాగే భ్రమపడుతుంది. అందుకే నీటి గుణాలు తెలుసుకున్నాకే కెమేరా ఎంచుకోవాలి.

మొదట పెట్టె సంగతి చూద్దాం. 1893లో ఫ్రాన్సు దేశపు జీవశాస్త్రజ్ఞుడు లూయీ బూతాన్ నీరు చొరని పెట్టెలో కెమేరాను అమర్చి, సముద్రంలో ఫోటోలు తీశాడు. ఇప్పుడు కొన్ని చిన్న కెమేరాలు పెట్టె లేకుండానే సుమారు 15 మీటర్ల లోతు వరకు పనిచేస్తాయి. వాటితో ఇంకా లోతుకు వెళ్ళాలంటే పెట్టె కావలసిందే. దీనిని హౌసింగ్ అంటారు. ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో, 10 సెంటీమీటర్ల వ్యాసం గల గాజు కిటికీని నీరు సుమారు 240 కిలోల బరువుతో సమానమైన బలంతో నొక్కుతుంది! కాబట్టి పెట్టె ఎంత లోతుకు తట్టుకుంటుందో ముందే చూడాలి. మూత అంచున ఉండే రబ్బరు రింగుపై ఒక్క వెంట్రుక పడి ఉన్నా నీరు లోపలికి రావచ్చు. అందుకే మొదటిసారి కెమేరా లేకుండా, ఖాళీ పెట్టెనే నీటిలో ముంచి పరీక్షిస్తారు.

ఇక కటకం, అంటే లెన్సు. చదును గాజు కిటికీ వెనుక నుంచి చూస్తే, 4 మీటర్ల దూరంలోని చేప 3 మీటర్లలోనే ఉన్నట్లు, ఆ మేరకు పెద్దదిగా కనిపిస్తుంది. చిన్న జీవులకు ఇది మేలే. కాని పెద్ద పగడపు దిబ్బ ఫోటోలో పట్టదు. వెనక్కి జరిగితే మధ్యలో నీరు ఎక్కువై బొమ్మ మసకబారుతుంది. కనుక దగ్గరగా ఉంటూనే ఎక్కువ మేర చూడగల విశాలకోణ కటకం కావాలి. దానికి గుమ్మటం ఆకారపు కిటికీ అమర్చాలి. గుమ్మటపు కేంద్రం వైపు వచ్చే కిరణాలు గాజుకు లంబంగా తగులుతాయి గనుక వంగవు. అయితే ఒక చిక్కుంది. గుమ్మటం వ్యాసార్థం 10 సెంటీమీటర్లయితే, ఎంతో దూరంలోని దృశ్యం కూడా దానికి 30 సెంటీమీటర్ల ముందే ఉన్నట్లు కటకానికి తోస్తుంది. అంత దగ్గరి వస్తువులను స్పష్టంగా చూపగల కటకమే దీనికి పనికివస్తుంది.

రంగుల మాటేమిటి? నీరు ఎరుపు రంగును ఎక్కువగా పీల్చుకుంటుంది. 10 మీటర్ల లోతులో ఎర్రని చేప నల్లగా, వెలవెలబోయినట్లు ఉంటుంది. దాని అసలు రంగు తెలియాలంటే ఫ్లాష్ దీపం కావాలి. దీపాన్ని కటకం పక్కనే పెడితే నీటిలోని నలుసులన్నీ తెల్లని చుక్కలై మెరుస్తాయి. అందుకే దానిని ఒక పొడవాటి చేతికి బిగించి, పక్కకు దూరంగా ఉంచుతారు.

కాబట్టి వరస ఇదీ: ఏమి ఫోటో తీయాలో ముందు నిర్ణయించుకోవాలి. దానికి తగిన కటకం, ఆ కటకానికి సరిపోయే కెమేరా, ఆ రెంటికీ సరిపోయే పెట్టె, కిటికీ ఎంచుకోవాలి.

ఇప్పుడు ఒక లెక్క. కెమేరా చదును గాజు వెనుక ఉంది. నీటిలో చేప 2 మీటర్ల దూరంలో ఉంది. కటకాన్ని ఎంత దూరానికి సరిచేయాలి?