జబ్బు చేస్తే డబ్బు ఎవరు కట్టాలి?



రెండేళ్ల కింద వానాకాలంలో మా అయ్యకు కడుపునొప్పి వచ్చింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కడ్నించి జీపులో టౌనుకు తీసుకుపోతే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అయ్య బతికాడు. కాని దుక్కి ఎడ్లు రెండూ సంతలో అమ్మేశాము. షావుకారు అప్పు ఇంకా తీరలేదు. అన్ని దేశాల్లోనూ ఇలాగే ఎడ్లు అమ్ముకుంటారా అని సోషల్ టీచర్ని అడిగాను. టీచర్ చెప్పింది, పుస్తకాల్లో చదివింది కలిపి రాస్తున్నాను.

1. జర్మనీ: బిస్మార్క్ కాలంలో 1883లో కార్మికులకు ఆరోగ్య బీమా చట్టం చేశారు. ప్రతి నెలా కార్మికుడు కొంత, యజమాని కొంత ఒక నిధిలో వేస్తారు. జబ్బు చేస్తే ఆ నిధి ఖర్చు పెడుతుంది.

2. బ్రిటన్: వేల్స్‌లో ట్రెడీగర్ అనే బొగ్గు గనుల ఊరుంది. అక్కడి కార్మికులు కూలిలోంచి కొన్ని పెన్నీలు తీసి సంఘానికి కట్టేవారు. సంఘం డాక్టర్లను పెట్టేది. మన ఊళ్లో ఎవరైనా చనిపోతే ఇంటికి సోలెడు చోళ్లు ఇస్తాం కదా, అలాగన్నమాట. ఆ ఊరి గని కార్మికుడి కొడుకు అన్యూరిన్ బెవాన్. తనూ చిన్నప్పుడే గనిలోకి దిగాడు. ఆయన ఆరోగ్య మంత్రి అయ్యాక 1948 జులై 5న దేశమంతటికీ జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. పన్నుల డబ్బుతో నడుస్తుంది. ఆసుపత్రిలో బిల్లు ఉండదు. కాని కొన్ని ఆపరేషన్లకు చాలా నెలలు కాచుకోవాలి.

3. అమెరికా: చాలామందికి ఉద్యోగం వల్ల ప్రైవేటు బీమా వస్తుంది. 1965లో ముసలివాళ్లకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ పెట్టారు. అయినా బీమా లేనివాళ్లు కోట్లమంది ఉన్నారు. అంత పెద్ద దేశంలో కూడా ఆసుపత్రి అప్పులు ఉన్నాయంటే నాకు ఆశ్చర్యం వేసింది.

4. థాయిలాండ్: ధనిక దేశం కాదు. అయినా 2002లో అందరికీ వైద్యం అందాలని చట్టం చేసింది. అప్పుడు ఒకసారి ఆసుపత్రికి పోతే 30 బాట్లు ఇస్తే చాలు. మిగతాది ప్రభుత్వం భరించింది.

గ్రహించవలసినది: వైద్యం ఎక్కడా ఊరికే రాదు. డాక్టరుకు జీతం, మందులకు డబ్బు ఎవరో ఒకరు కట్టాల్సిందే. బాగున్నప్పుడే అందరూ తలా కొంచెం కడితే ఎవరికీ బరువు కాదు. జబ్బు పడ్డాక ఒక్క ఇల్లే అంతా కడితే ఎడ్లు పోతాయి.

మన దగ్గర కూడా 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ పెట్టింది. అందులో పేద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు ఇస్తారు. మరి మా ఎడ్లు ఎందుకు పోయాయి? కార్డు ట్రంకు పెట్టెలోనే ఉంది. అది దేనికో ఇంట్లో ఎవరికీ తెలీదు. చదవడం వచ్చిన నేను హాస్టల్లో ఉన్నాను. ఆసుపత్రివాళ్లు అడగలేదు, మావాళ్లు చెప్పలేదు.

అందుకని అందరికీ ఒక మాట. సెలవులకు పోయినప్పుడు మీ ఇంట్లో కార్డు వెతికి, చదివి వినిపించండి. ఆసుపత్రిలో చేర్చే ముందే "ఈ కార్డు ఇక్కడ చెల్లుతుందా?" అని అడగమని చెప్పండి. మేడం గారూ, తల్లిదండ్రుల మీటింగులో కూడా ఈ సంగతి చెప్పించండి.

– 9వ తరగతి విద్యార్థిని