దక్షిణ సస్కాచెవాన్ నది: మెట్టభూములలో నీటి పంపకము

కెనడా దేశమున రాకీ పర్వతములకు తూర్పుగా ప్రెయిరీలను విశాలమైన గడ్డిమైదానములు గలవు. అందు ఆల్బర్టా, సస్కాచెవాన్ రాష్ట్రముల దక్షిణభాగము వర్షము చాలని ప్రదేశము. 1857 మొదలు 1860 వఱకు దీనిని పరిశీలించిన పాలిసర్ ఇందొక పెద్దభాగము సేద్యమునకు తగదని తెలిపెను. ఐనను నేడచ్చట గోధుమ, బార్లీ, మసూరు విరివిగా పండుచున్నవి. భారతదేశమునకు దిగుమతియగు మసూరులో కొంత ఆ పొలములదే. ఉన్న కొద్ది నీటిని అచ్చటి రైతులు పంచుకొను రీతి తెలిసికొనదగినది.

1. నది పుట్టుక, నడక

బో, ఓల్డ్‌మన్ అను నదులు రాకీ పర్వతములయందు పుట్టి, మెడిసిన్ హాట్ పట్టణమునకు పడమట కలిసి దక్షిణ సస్కాచెవాన్ అగును. రాష్ట్రపు పొలిమేర దాటిన పిమ్మట రెడ్ డీర్ నది దీనిలో కలియును. అటుపిమ్మట ఇది ఉత్తర సస్కాచెవాన్‌తో కూడి మానిటోబా రాష్ట్రమున ప్రవేశించును. ఆ నీరు విన్నిపెగ్ సరస్సు మీదుగా హడ్సన్ అఖాతము చేరును.

మైదానపు మెట్టభాగమున ఏటికి సుమారు 12 మొదలు 16 అంగుళముల వర్షపాతము మాత్రమే యుండును. పెక్కుచోట్ల ఆ వాననీరు నదికి చేరక పల్లములలోనే నిలిచిపోవును. కావున నదినీటిలో అధికభాగము కొండలనుండి, ముఖ్యముగా శీతకాలమున పేరుకొనిన మంచు కరుగుటచే వచ్చునదే. మే, జూన్ మాసములలో ప్రవాహము హెచ్చి, వేసవి ముదిరినకొలది తగ్గును. పైరునకు నీరు మిక్కిలి అవసరమగు దినములలోనే నది సన్నగిల్లును. అందుచే నిలువ లేనిదే సేద్యము సాగదు.

2. కాలువలు, ఆనకట్టలు

సెయింట్ మేరీ నది కాలువ 1900లో లెత్‌బ్రిడ్జి పట్టణమునకు చేరెను. 1914లో బో నదిపై బస్సానో ఆనకట్ట ముగిసెను. 1930 తరువాతి అనావృష్టిలో పైమన్ను గాలికి ఎగిరిపోయి, ఎన్నో కుటుంబములు భూములు విడిచి వెడలెను. 1935లో కేంద్రప్రభుత్వము చట్టము చేసి, పొలములలో గుంటలు త్రవ్వుటకును, చిన్నకట్టలు వేయుటకును, గాలికి అడ్డుగా చెట్లు నాటుటకును సాయపడెను. 1967లో పూర్తియైన గార్డినర్ ఆనకట్ట సుమారు 210 అడుగుల ఎత్తు, 3 మైళ్ల పొడవు గల మట్టికట్ట. దాని వెనుకనున్న జలాశయము సుమారు 140 మైళ్లు వ్యాపించియున్నది.

3. రెండు విధములగు పంపకము

రాష్ట్రముల నడుమ పంపకము 1969 నాటి ఒడంబడికచే జరుగుచున్నది. కొన్ని ప్రత్యేక నిబంధనలకు లోబడి, ఆల్బర్టా నదియొక్క సహజప్రవాహములో సగము వాడుకొని తక్కిన సగము క్రిందికి విడువవలెను. సస్కాచెవాన్ తనకు వచ్చినదానిలో సగమును, తన భూమిలో పుట్టినదానిలో సగమును మానిటోబాకు విడువవలెను. ఇది పాలుచొప్పున పంపకము గనుక, నీరు తగ్గిన యేట నష్టము అందఱిదియు నగును.

ఆల్బర్టాలోని వాడుకదారుల నడుమ పద్ధతి వేఱు. 1894 చట్టమున నీరు ప్రభుత్వపు సొత్తైనది. వాడుకొనువాడు ఇంత నీరని నిర్ణయించిన అనుమతిపత్రము పొందవలెను. ముందు పత్రము పొందినవానికి ముందు హక్కు. నీరు తగ్గినచో మొదటివానికి పూర్తిగా అందిన పిమ్మటనే తరువాతివాని వంతు వచ్చును. కడపటివానికి చుక్కయు దొరకకపోవచ్చును.

పత్రములు పెరిగి పెరిగి నది భరింపలేని స్థితి యేర్పడెను. 2006 నాటి ప్రణాళిక ననుసరించి బో, ఓల్డ్‌మన్, దక్షిణ సస్కాచెవాన్ భాగములలో క్రొత్త దరఖాస్తులు సాధారణముగా నిలిపివేయబడెను. క్రొత్తగా నీరు కోరువాడు పాత హక్కుదారునివద్ద దానిని పొందవలెను. అట్లు హక్కు చేతులు మాఱునపుడు పదియవవంతు వఱకు నదికే మిగుల్చుటకు చట్టము వీలిచ్చుచున్నది.

4. కఱవు నేర్పిన పాఠము

2001లో దక్షిణపు ఉపనదులు మిక్కిలి తగ్గిపోయెను. చట్టమునే పట్టుకొనినచో పాతవారి పొలములు తడిసి, క్రొత్తవారి పైరులు ఎండియుండును. పాత హక్కుదారులు అట్లు పట్టుపట్టలేదు. అందఱును కూడి మాటలాడుకొని, ఉన్న నీటిని తలా కొంత తగ్గించి వాడుకొనిరి. 2024లో మరల కఱవు భయము కలుగగా, పట్టణములు, నీటిపారుదల సంఘములు, పరిశ్రమలు మొదలగు 38 పెద్ద వాడుకదారులు వేసవి రాకమునుపే అట్టి ఒప్పందములకు సమ్మతించిరి.

5. రైతులు గమనింపవలసిన సంగతులు

(1) ఉన్న నీటి కొలత తెలియనిదే ఎంత పైరు పెట్టవలెనో నిశ్చయింపరాదు.

(2) కొఱత వచ్చు యేట పంపకము విత్తుటకు ముందే నిర్ణయించుకొనవలెను. పైరు వాడిన పిమ్మట జరుగు మాటలు తగవులకే దారితీయును.

(3) పాలుచొప్పున పంచుకొనిన నీటితో ఒక్కొక్కరికి పంట కొంత తగ్గును గాని, ఏ ఒక్కని యింటను గింజలేని దుస్థితి కలుగదు. కాలువ మొదటనున్నవాడు కడపటివాని మేలుకోరినచో తన పంటకును కాపుదల కలుగును.