అద్దెకు దిగేముందే ఖాళీ చేసే మాట

బ్యాంకు ఉద్యోగంలో బదిలీలున్నంత కాలం అద్దె ఇళ్లలో కాపురం చేశాను. ఇప్పుడు కూకట్‌పల్లిలో మా పై పోర్షన్ అద్దెకిస్తున్నాను. అంచేత గేటుకి రెండువైపుల మాటా చెప్పగలను. ఈమధ్య ఇల్లు చూడటానికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఎన్నాళ్లుంటారో వాళ్లకే తెలియదు. ఒకరి ప్రాజెక్టు బెంగళూరుకి మారొచ్చు. ఒకరు వీసా స్లాటు కోసం చూస్తుంటారు. ఒకరికి గ్రూప్స్ ఫలితాలు రావాలి, ఇంకో అమ్మాయికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఇల్లు కట్టి చూడు అన్నవాళ్లు, అద్దె ఇల్లు మధ్యలో ఖాళీ చేసి చూడు అని కూడా అని ఉండాల్సింది. మొదటిసారి ఊళ్లో ఇల్లు తీసుకునే అలాంటి పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. “ఎన్నాళ్లుంటారు?” అంటే అబద్ధం చెప్పకండి.

ఈ ప్రశ్న అడగని ఓనరు లేడు. “రెండు మూడేళ్లుంటామండీ” అనని కుర్రాడూ లేడు. ఆ జవాబును మేమెవరమూ నమ్మం, ఊరికే వింటాం. మా భయమల్లా ఇల్లు ఒక నెల ఖాళీగా పడి ఉంటుందనీ, బ్రోకరుకు మళ్లీ ఇచ్చుకోవాలనీ. ఆ భయానికి సమాధానం చెప్పండి చాలు. ఆమధ్య ఒకమ్మాయి మా మెట్ల మీదే నిలబడి, “ఆంటీ, ఆగస్టులో అమెరికా వెళ్లొచ్చు, వెళ్లకపోవచ్చు. వెళ్లేదైతే నెలన్నర ముందే చెబుతాను, నా తర్వాత వచ్చేవాళ్లను చూసే పూచీ నాది” అంది. అప్పటికే ఇద్దరు అడ్వాన్సు ఇస్తామని వెంటపడుతున్నా ఇల్లు ఆ అమ్మాయికే ఇచ్చాను. ఓనర్లందరూ అలా ఇస్తారని కాదు. ఇవ్వనివాళ్లెవరో మొదటిరోజే తేలిపోవడం కూడా మంచిదే. ఎలాగూ “మీరేమిట్లు?” అని మొదలుపెట్టి, నాన్‌వెజ్ వండుతారా అని ఆరా తీసి తిప్పి పంపేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. తిరగడం తప్పదు కనుక నిజం చెబుతూ తిరగండి.

2. పదకొండు నెలల కాగితాన్ని పూర్తిగా చదవండి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ, ఆ ఆఫీసు చుట్టూ తిరుగుడూ తప్పించుకోవడానికే అందరూ ఒక నెల తగ్గించి రాసుకుంటారు. అంతేగానీ అందులో అద్దెకున్నవాడి మీద దయేమీ లేదు. ‘పదకొండు నెలలదేగా, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు’ అని పిల్లలు అనుకుంటారు. మధ్యలో ఖాళీ చేసే వీలు అందులో రాసి లేకపోతే, “పదకొండు నెలలకు ఒప్పుకునే సంతకం పెట్టావుగా” అని ఓనరు నిలదీయొచ్చు. 1882 ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్‌లో నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు చాలని ఉన్నమాట నిజమే. కాకపోతే అది వేరే ఒప్పందం ఏదీ లేనప్పటి సంగతి. కాగితం రాసుకున్నాక కాగితం చెప్పిందే మాట.

ఆ కాగితం ఎలా తయారవుతుందో చూడాలంటే ఏ జిరాక్సు షాపుకైనా వెళ్లండి. కంప్యూటర్లో పాత అగ్రిమెంటు తెరిచి, పేర్లు, అద్దె, తేదీ మార్చి, స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి చేతిలో పెడతాడు. రెండో పేజీ మధ్యలో పాత అద్దెదారు పేరు అలాగే మిగిలిపోయిన అగ్రిమెంట్లు నేను చూశాను. ఓనరు కూడా దాన్ని చదివి ఉండడు. కనుక ప్రింటు తీయకముందే షాపువాడి పక్కన కూర్చుని మీ వాక్యం చేర్పించండి: ‘ఉద్యోగరీత్యా బదిలీ, ఉద్యోగం పోవడం, పైచదువు, వివాహం, వీటిలో ఏ కారణం చేతనైనా అద్దెదారు ఒక నెల ముందు తెలియజేసి ఇల్లు ఖాళీ చేయవచ్చును; అందుకు అడ్వాన్సులో కోత ఉండదు.’ ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. సింగపూరులో ఉండే మనవాళ్లను అడగండి. అక్కడ విదేశీ ఉద్యోగులు రెండేళ్ల లీజు తీసుకునేటప్పుడు డిప్లొమాటిక్ క్లాజు అని రాయించుకుంటారు. ఉద్యోగం పోయినా, వేరే దేశానికి బదిలీ అయినా, సాధారణంగా మొదటి ఏడాది గడిచాక రెండు నెలల నోటీసుతో బయటపడొచ్చు. వాళ్లకు అది మామూలు వాక్యం. మన దగ్గర అడిగేవాళ్లు లేక అది మామూలు కాలేదు.

3. లాక్-ఇన్‌కు ఒక ధర ఉంటుంది. దాన్ని లెక్క కట్టండి.

లాక్-ఇన్ అంటే అన్ని నెలల్లోపు ఖాళీ చేస్తే అడ్వాన్సు వదులుకోవాలని, లేదా మిగిలిన నెలల అద్దె కట్టాలని షరతు. ఒకచోట అద్దె 22,000, రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల లాక్-ఇన్, ముందే వెళ్తే అడ్వాన్సు పోతుంది అనుకుందాం. రెండోచోట అద్దె 24,000, లాక్-ఇన్ లేదు, నెల నోటీసు చాలు. పిల్లలు మొదటిది చవక అని అటే పరిగెడతారు. పదకొండు నెలలూ ఉంటే చవకే, 22,000 మిగులుతాయి. అయిదో నెల చివర వెళ్లిపోవాల్సి వస్తే? మొదటి ఇంట్లో అద్దె 1,10,000, పోయిన అడ్వాన్సు 44,000, మొత్తం 1,54,000. రెండో ఇంట్లో 1,20,000. అంటే 34,000 నష్టం. ఉంటే 22,000 లాభం, వెళ్తే 34,000 నష్టం అన్న బేరంలో, వెళ్లిపోయే అవకాశం పదింట నాలుగు వంతులుందని తోచినా ఆ ఎక్కువ అద్దె ఇల్లే మేలు. బ్యాంకులో పనిచేసినదాన్ని కనుక ఇలా లెక్కలు కట్టుకుంటానని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనివ్వండి.

లాక్-ఇన్ తీసేయనంటే తగ్గించమనండి. పదకొండు నెలలది నాలుగు నెలలకు దిగొస్తుంది, ఒక్కోసారి మూడుకీ వస్తుంది. ఇంకొకటి, అది ఇద్దరికీ వర్తించాలి. మిమ్మల్ని కట్టేసి, ఓనరు మాత్రం కొడుకు పెళ్లి పేరుతో నెలలో ఖాళీ చేయమనేలా రాసి ఉంటే అది ఒప్పందం కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం జరిమానా మొత్తం కాగితంలో రాసి ఉన్నా, దానికి మించకుండా సమంజసమైన పరిహారమే దక్కుతుంది. కానీ నలభై వేల కోసం తొలి ఉద్యోగం వదిలేసి కోర్టు మెట్లెక్కే పిల్లవాడు ఎక్కడున్నాడు? చట్టం మాటల్లో పనికొస్తుంది, అడ్వాన్సు మాత్రం ఓనరు చేతిలో ఉంటుంది.

4. అడ్వాన్సు ఎక్కడి నుంచి తిరిగొస్తుందో తెలుసుకోండి.

హైదరాబాదులో మామూలుగా రెండు మూడు నెలల అద్దె అడుగుతారు. బెంగళూరులో పది నెలలది అడగడం చాలాకాలం రివాజుగా నడిచింది. అక్కడ ఉద్యోగానికి వెళ్లిన మన పిల్లలు ఇంటి దగ్గర అప్పు చేసి కట్టినవాళ్లే. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టంలో నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దని ఉంది. అది నమూనా చట్టమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. బేరానికి మాత్రం వాడుకోవచ్చు.

అసలు కిటుకు వేరే ఉంది. చాలామంది ఓనర్లు ఆ డబ్బు దాచిపెట్టరు. ఖర్చయిపోతుంది. మీది తిరిగి ఇవ్వడానికి మీ తర్వాత వచ్చేవాడి అడ్వాన్సు కావాలి. కనుక మీ డబ్బు త్వరగా రావాలంటే ఆ మనిషిని మీరే వెతికి తీసుకురావడం అన్నిటికన్నా దగ్గరి దారి. చివరి రెండు నెలలు అద్దె కట్టకుండా “అడ్వాన్సులో సర్దుకోండి” అనేవాళ్లున్నారు. ముందే మాట్లాడుకుని వాట్సాప్‌లో రాసుకుంటే తప్పులేదు. చెప్పకుండా ఎగవేస్తే మాత్రం మాకు ఒళ్లు మండుతుంది.

5. ఆషాఢాన్ని లెక్కలో వేసుకోండి.

ఇది ఏ అగ్రిమెంటులోనూ ఉండదు. శూన్యమాసంలో మనవాళ్లు ఇల్లు మారరు. పాలు పొంగించడానికి మంచిరోజు లేకపోతే టూలెట్ బోర్డు వైపు కూడా చూడరు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ఈ మూడింట్లోనూ ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు పలచబడతారు. అమెరికా చదువులకు వెళ్లే పిల్లలకు చిక్కు ఇక్కడే వస్తుంది. అక్కడి ఫాల్ సెమిస్టరు ఆగస్టులో మొదలవుతుంది కనుక జులై, ఆగస్టుల్లో విమానం ఎక్కుతారు. ఆషాఢం వచ్చేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. వాళ్లు ఖాళీ చేసేనాటికి కొత్తవాళ్లు దొరకరు, ఓనరు ముఖం ముడుచుకుంటాడు, అడ్వాన్సు శ్రావణం దాకా సాగుతుంది. వీసా చేతికి వచ్చేదాకా ఆగకుండా జ్యేష్ఠంలోనే ఓనరుకు ఒక మాట వేసి ఉంచండి.

ముహూర్తాల పట్టింపు లేనివాళ్లకు ఇందులో లాభమూ ఉంది. ఆషాఢంలో ఇల్లు వెతకండి. అప్పుడు ఖాళీగా ఉన్న ఇంటి ఓనరు లాక్-ఇన్ మాటెత్తడు.

6. ముగ్గురు కలిసి ఉంటే కాగితం మీద ముగ్గురూ ఉండాలి.

బ్యాచిలర్ల ఫ్లాట్లలో అగ్రిమెంటు ఒక్కడి పేరునే ఉంటుంది, ఎవడు ఉత్సాహపడి అడ్వాన్సు కట్టాడో వాడి పేరున. వాడే మొదట వెళ్లిపోతే మిగతా ఇద్దరూ ఎవరో ఓనరుకు తెలియదు. వాడు ఉండి మిగతా ఇద్దరూ వెళ్లిపోతే మొత్తం అద్దె వాడి నెత్తిన పడుతుంది. స్నేహం చెడేది ఇలాంటిచోటే. ముగ్గురి పేర్లూ రాయించండి. అది కాక మీలో మీరు ఒక మెసేజీ పెట్టుకోండి: మధ్యలో వెళ్లేవాడు తన బదులు మనిషిని తేవాలి, ఆ మనిషి వచ్చేదాకా తన వాటా కట్టాలి, వచ్చినవాడి దగ్గరే తన వాటా అడ్వాన్సు తీసుకోవాలి. స్నేహితుల మధ్య ఇవన్నీ ఏమిటని మొహమాటపడేవాడే తర్వాత ఎక్కువ గొడవ చేస్తాడు.

7. సామానంతా టాటా ఏస్ ఒక్క ట్రిప్పులో పట్టాలి.

తొలి జీతం రాగానే సోఫా, డబుల్ కాట్, పెద్ద ఫ్రిజ్ కొనాలనిపిస్తుంది. వద్దు. వెళ్లేటప్పుడు అవన్నీ సగం ధరకు కూడా పోవు. పరుపు, మడత మంచం, ఇండక్షన్ స్టవ్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు చాలు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ నెలవారీ అద్దెకు దొరుకుతాయి. గ్యాస్ కోసం కొత్త కనెక్షను పెట్టుకుని, తర్వాత సరెండర్ కాగితాల కోసం ఏజెన్సీ చుట్టూ తిరగొద్దు. పెట్రోలు బంకుల్లో 5 కిలోల సిలిండరు అమ్ముతారు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, అడ్రసు ప్రూఫ్ అక్కర్లేదు.

ఆరునెలల్లో ఎలాగూ కదులుతామని తేలిపోయినవాళ్లు అసలు ఫ్లాటు జోలికే పోకండి. అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా హాస్టళ్లూ పీజీలూ ఉన్నది మీ కోసమే.

8. దిగినరోజే ఫొటోలు తీయండి.

ఖాళీ చేసేరోజు నేను ఎక్కడెక్కడ చూస్తానో చెబుతాను, అక్కడే తీయండి. వంటగదిలో సింకు కింద అలమారా తలుపు తీసి లోపల చెమ్మ. స్టవ్ వెనక టైల్స్ మీద నూనె మరకలు. బాత్రూమ్ తలుపు అడుగున నీళ్లకు ఉబ్బిన చెక్క. గోడల మీద మేకుల రంధ్రాలు. గీజరు వేసి నీళ్లు వేడెక్కుతున్నాయో లేదో. కరెంటు మీటరు రీడింగు తప్పనిసరి. తీసిన ఫొటోలన్నీ ఆరోజే ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. మీ ఫోనులో ఉంటే అవి ఫొటోలే, ఆయన ఫోనులో తేదీతో సహా ఉంటే సాక్ష్యం.

పెయింటింగు పేరున ఒక నెల అద్దె కోయడం బెంగళూరులో ఆనవాయితీ, ఇక్కడా పాకుతోంది. రెండేళ్లున్నవాడి దగ్గర కోస్తే సరే. అయిదు నెలలుండి వెళ్లే పిల్ల దగ్గర పూర్తి పెయింటింగు ఖర్చు పట్టుకోవడం ఏ న్యాయమో సాటి ఓనరునైన నాకే అర్థం కాదు. ఉన్న నెలల దామాషాలో కోయాలని ముందే రాయించండి.

9. కాగితాలు వచ్చేటప్పుడే తీసుకోవాలి.

ఏడాదికి అద్దె లక్ష దాటి, ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు అడగాలంటే ఓనరు పాన్ నంబరు కావాలి. ఖాళీ చేసిపోయినవాడు ఫిబ్రవరిలో ఫోను చేసి పాన్ అడిగితే ఎవరూ ఎత్తరు. దిగేటప్పుడే అడగండి. అద్దె బ్యాంకు ద్వారానే కట్టండి. నోటీసు నోటిమాటగా చెప్పినా, ‘ఫలానా తేదీకి ఖాళీ చేస్తున్నాను’ అని రాతలోనూ పంపండి. మెట్ల మీద చెప్పిన మాట నాకే గుర్తుండదు.

10. తాళమూ డబ్బూ ఒకే రోజు చేతులు మారాలి.

“తాళాలిచ్చి వెళ్లు బాబూ, వారంలో వేస్తాను” అంటారు. వేసేవాళ్లూ ఉంటారు, వెయ్యనివాళ్లూ ఉంటారు, మీకు మాత్రం మర్నాడే రైలు. సామాను దించే ముందే ఓనరును పైకి పిలిచి ఇల్లంతా చూపించండి. కరెంటు బిల్లు ఇంకా రాలేదంటే దిగిననాటి ఫొటోలు కాదు, గత నెల బిల్లు మీద రీడింగూ ఇవాళ్టి మీటరు రీడింగూ పక్కపక్కన పెట్టి లెక్క కట్టండి. మెయింటెనెన్సు బాకీ ఉందేమో వాచ్‌మన్‌ను కాదు, అసోసియేషన్ వాళ్లను అడగండి. కోతలు పోను మిగిలింది ఎంతో ఒక కాగితం మీద వేసి ఇద్దరూ సంతకం పెట్టండి. డబ్బు ఫోనులో పడ్డాక తాళాలు అందించండి. ఇవాళ పూర్తిగా ఇవ్వలేనంటే ఎంత, ఏ తేదీకి అని ఆ కాగితం మీదే రాయించి, బండి ఎక్కేముందు దాన్ని ఫొటో తీసుకోండి.